లాయంలో మొదలయ్యే దారి: రేసు గుర్రాల రంగంలో పని, ఎదుగుదల

(హైదరాబాదులో ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లల వెంట వచ్చిన అమ్మానాన్నలకు మరీ మరీ నమస్కారం. “మావాడు గుర్రాల దగ్గర పనికి పోతానంటున్నాడు” అని నలుగురిలో చెప్పడానికి మన ఇళ్ళలో ఇంకా జంకుతారు. ముందు ఆ జంకు సంగతి మాట్లాడుకుందాం.

రేసు అనగానే జూదం గుర్తొస్తుంది. పందేలు కాసి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళు మన బస్తీల్లో ఉన్నారు, కాదనను. కానీ పందెం కాయడం వేరు, గుర్రాన్ని సాకి పరుగుకు తయారుచేయడం వేరు. గుర్రప్పందెం నైపుణ్యం మీద నడిచే ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రేసులో స్వారీ చేసే జాకీ పందెం కాయకూడదు, కాస్తే లైసెన్సు పోతుంది. పనికి వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట కూడా అదే. పందెం కౌంటరు వైపు అడుగు వెయ్యొద్దు. లాయంలో ఉంటావు కాబట్టి నీకు గుర్రం సంగతి తెలుసని బయటివాళ్ళు వెతుక్కుంటూ వస్తారు, టీ తాగిస్తారు, జేబులో నోటు పెడతారు. ఫలానా గుర్రం కాలు బాగోలేదన్న మాట నీ నోట బయటికొచ్చిందంటే ఆ లాయంలోనే కాదు, పక్క లాయంలో కూడా నీకు పని పుట్టదు.

ఇక మన ఊరి సంగతి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో రేసులను మౌలాలీ నుంచి మలక్‌పేటకు తెచ్చాడు. ఇప్పుడున్న హైదరాబాద్ రేస్ క్లబ్ 1961 నాటిది. దేశంలో రేసులను శాసించే పెద్ద క్లబ్బులు ఐదు: ముంబయి, పుణెలను చూసుకునే రాయల్ వెస్టర్న్ ఇండియా టర్ఫ్ క్లబ్, కోల్‌కతా, బెంగళూరు, మద్రాసు, మన హైదరాబాదు. ఇక్కడ వానాకాలం సీజను ఒకటి, చలికాలం సీజను ఒకటి. అక్టోబరు 2న జరిగే దక్కన్ డెర్బీ అనే పెద్ద రేసుకు ఎక్కడెక్కడి గుర్రాలూ వస్తాయి. సీజను మారితే గుర్రం ఊరు మారుతుంది, గుర్రంతో మనిషీ మారతాడు. హైదరాబాదులో పని మొదలుపెట్టినవాడు రెండేళ్ళలో బెంగళూరూ పుణే చూసేస్తాడు. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు ఈ తిరుగుడు గురించి ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

అసలు విషయానికొస్తాను. ఈ రంగంలో గుర్రాన్ని సాకే సైసు ఉన్నాడు, రైడింగ్ బాయ్ ఉన్నాడు, జాకీ, లాడాలు కొట్టే నాల్‌బంద్, సైసుల మీద పెద్దగా ఉండే జమాదారు, గుర్రాన్ని రేసుకు తయారుచేయించే ట్రైనరు, పశువైద్యుడు, గుర్రాలను పుట్టించి పెంచే స్టడ్ ఫారం మేనేజరు, క్లబ్బులో రేసు మొదలుపెట్టించే స్టార్టరు, గుర్రాలు మోయాల్సిన బరువు నిర్ణయించే హ్యాండీక్యాపరు ఉన్నారు. వీళ్ళలో ఎవరి పనికి వెళ్ళాలన్నా గుర్రం కాలు చేత్తో తడిమి ‘నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది’ అని చెప్పగలగాలి. అది తెలియకుండా పైకి ఎక్కినవాడు ఏదో ఒక రోజు దెబ్బతింటాడు, గుర్రాన్నీ దెబ్బతీస్తాడు. అందుకే ఎంత చదువుకున్నవాడైనా ఆరు నెలలు లాయంలో సైసు పని చెయ్యమని చెబుతాను.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం.

తెల్లవారుజామున నాలుగు. లైటు వేసి లోపలికి వెళ్ళగానే ముందు చూడాల్సింది గుర్రాన్ని కాదు, తొట్టిని. రాత్రి వేసిన దాణా మిగిలిందా? నిన్నటిదాకా శుభ్రంగా నాకేసిన గుర్రం ఇవాళ రెండు గుప్పిళ్ళు వదిలిందంటే అది మనతో ఏదో చెబుతోంది. తర్వాత నీళ్ళ బకెట్టు. రోజుకు పాతిక నుంచి యాభై లీటర్లు తాగే జంతువు అది, ఎంత తగ్గిందో కంటికి తెలియాలి. తర్వాత లద్ది. రాత్రంతా కలిపి ఎన్నిసార్లు వేసింది, ఉండలు ఉండలుగా ఉందా, గట్టిపడిందా, పలచబడిందా. తర్వాత ఉష్ణోగ్రత. థర్మామీటరు తోక కింద పెట్టి చూస్తారు. 37.5 నుంచి 38.5 సెల్సియస్ దాకా మామూలు. దాటిందంటే ఆ ఉదయం గ్యాలప్, అంటే దౌడు, లేదు, ట్రైనరుకు కబురు వెళ్ళాలి. వదిలేసి పరిగెత్తిస్తే చిన్న జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

ఆఖరున కాళ్ళు. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. రాత్రి కట్టిన పట్టీలు విప్పీ విప్పగానే చెయ్యి పెట్టి ‘వేడిగా ఉంది’ అంటారు. పట్టీ కింద ఏ కాలైనా వెచ్చగానే ఉంటుంది. విప్పి, కొంతసేపు గాలి తగలనిచ్చి, అప్పుడు చూడాలి. రెండు ముందు కాళ్ళనూ ఒకే చేత్తో, ఒకదాని తర్వాత ఒకటి, మోకాలి కింది నుంచి గిట్ట దాకా మెల్లగా దించాలి. ఎముక వెనక తాడులా ఉండే టెండన్ ఉంటుంది. అది బిగువుగా, అంచు తెలిసేలా చేతికి తగలాలి. ఎక్కడైనా అంచు మెత్తబడి వేలికి జారినా, బియ్యపు గింజంత ఉబ్బు తగిలినా, వేడి ఒక కాలికే ఉన్నా, కాలు పైకెత్తి వేళ్ళతో నొక్కినప్పుడు గుర్రం కాలు లాక్కున్నా, వెంటనే చెప్పాలి.

అంత చిన్నదానికి ఇంత హడావుడి ఎందుకంటారా? రేసు వేగంలో ఐదొందల కిలోల శరీరం ఆ ఒక్క తాడు మీద పడుతుంది. కొన్ని పోగులు తెగినప్పుడే ఆపేస్తే విశ్రాంతితో గుర్రం తిరిగొచ్చే అవకాశం ఉంది. తెలిసీ దాచిపెట్టి గ్యాలప్ చేయిస్తే తాడంతా ఉబ్బి విల్లులా వంగుతుంది, దాదాపు ఏడాది పోతుంది. చాలా గుర్రాలు మళ్ళీ ముందటిలా పరిగెత్తవు. సైసులు దాచిపెట్టేది దురుద్దేశంతో కాదు, తిడతారన్న భయంతో. అందుకే చూడగానే చెప్పినవాణ్ణి తిట్టే ట్రైనరు దగ్గర ఎక్కువ రోజులు ఉండొద్దు. అక్కడ మీరు నేర్చుకునేది దాచిపెట్టడమే.

సైసు చేతిలో మామూలుగా రెండు గుర్రాలుంటాయి, ఒక్కోచోట మూడు. గొరపంతో దులపడం, బ్రష్షుతో రుద్దడం, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి తీయడం, పడక మార్చడం, పరుగు నుంచి వచ్చాక ఒళ్ళు ఆరేదాకా నడిపించడం అతని పని. గుర్రం పొట్ట దాని ఒంటితో పోలిస్తే చిన్నది. అందుకని దాణా మూడు నాలుగు విడతలుగా పెట్టాలి, ఒక్క విడతకు రెండు, రెండున్నర కిలోలు దాటకూడదు. దాణా మార్చాలంటే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. ఇవాళ ఓట్స్ అయిపోయాయి కదా అని రేపు అంతకంత శనగలు పోస్తే కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి వాంతి కాదు, లోపలికి పోయింది లోపలే పులిసి గ్యాసు కడుతుంది. డొక్క వైపు తల తిప్పి తిప్పి చూడటం, ముందు కాలితో నేల గీకడం, పడుకుని దొర్లబోవడం, లద్ది ఆగిపోవడం దీని గుర్తులు. అప్పుడు మేత తీసేసి, డాక్టరుకు ఫోను చేసి, వచ్చేదాకా మెల్లగా నడిపించాలి. పాతవాళ్ళలో కొందరు నోరు తెరిచి నూనె పోస్తారు, అది మాత్రం చెయ్యొద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే కడుపునొప్పితో బతికే గుర్రం దానితో చచ్చిపోతుంది. నూనె పట్టించాల్సి వస్తే డాక్టరే ముక్కులోంచి గొట్టం వేసి పట్టిస్తాడు.

మీ ప్రాణం సంగతి కూడా. పగ్గాన్ని చేతికి చుట్టుకోవద్దు, గుర్రం బెదిరితే చెయ్యి పగ్గంతోనే పోతుంది. మడత పెట్టి పట్టుకోండి. కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడే ముడి వెయ్యండి. ఎప్పుడూ గుర్రం ఎడమ భుజం వైపు నుంచి, గొంతు వినిపిస్తూ దగ్గరికి వెళ్ళండి. ధనుర్వాతం టీకా కార్డు మీ దగ్గర ఉండాలి. గుర్రపు లద్దిలో, లాయం మట్టిలో ఆ క్రిములు ఉంటాయి. ఒక మేకు గీత చాలు.

తర్వాతి మెట్టు రైడింగ్ బాయ్. పొద్దున్నే ట్రాక్ మీద గుర్రాన్ని నడిపించి, దౌడు తీయించేవాడు. జాకీ అంత బక్కగా ఉండనక్కర్లేదు, యాభై ఐదు, అరవై కిలోలవాళ్ళు కూడా ఈ పని చేస్తారు. ఈ పనికి తలలో గడియారం ఉండాలి. రేసు వేగమంటే 200 మీటర్లకు సుమారు 12 సెకన్లు. ట్రైనరు “600, 45లో తీసుకురా” అన్నాడంటే ప్రతి 200కీ 15 సెకన్లు. మొదటి 200 పదమూడులో పోనిచ్చి, చివర్లో పగ్గం బిగబట్టి లెక్క సరిచేసే కుర్రాళ్ళు ఉన్నారు. వాచీలో అంకె సరిపోతుంది, గుర్రం మాత్రం అడగని కష్టం పడిపోతుంది. మర్నాడు తొట్టిలో దాణా మిగిలేది ఇందుకే. రేసుకు నాలుగు రోజుల ముందు ఇలా జరిగితే ఆ గుర్రం తన రేసును పొద్దుటి ట్రాక్ మీదే పరిగెత్తేసినట్టు.

దిగాక ట్రైనరుకు ఏం చెబుతారన్నది ఇంకో సగం పని. “బాగా పోయింది సార్” అంటే ఏమీ చెప్పనట్టే. ఊపిరి ఎన్ని నిమిషాలకు తగ్గింది, మలుపులో లోపలికి ఒరిగిందా బయటికి తోసుకుందా, ఏ కాలు ముందుంచి దౌడు తీసింది, పగ్గం ఎక్కడ వదిలితే పుంజుకుంది, ముక్కులో రక్తపు చార కనిపించిందా. ఈ ఐదు చెప్పగలిగిన కుర్రాణ్ణి ఏ ట్రైనరూ వదులుకోడు. నోటుబుక్కులో రోజూ రాసుకునేవాడు నా దృష్టిలో సగం ట్రైనరే.

ఇప్పుడు జాకీ. మీలో చాలామంది దీనికోసమే వచ్చారని తెలుసు. మన హ్యాండీక్యాప్ రేసుల్లో బాగా పరిగెత్తిన గుర్రానికి ఎక్కువ బరువు, వెనకబడ్డ గుర్రానికి తక్కువ బరువు వేస్తారు. గుర్రం సత్తాను బట్టి ఇచ్చే రేటింగులో ఒక పాయింటుకు అర కిలో. పైన అరవై, అరవై రెండు కిలోలుంటే, కిందికొచ్చేసరికి యాభైకి అటూ ఇటూ ఉంటుంది. ఆ యాభైలో జీను, బూట్లు, సిల్కు చొక్కా అన్నీ కలిసే ఉంటాయి. హెల్మెట్టు, కొరడా లెక్కలోకి రావు. అంటే మీ ఒంటి బరువు నలభై ఎనిమిది చుట్టుపక్కల ఉండాలి. రేసుకు ముందు తూస్తారు, రేసయ్యాక మళ్ళీ తూస్తారు. గెలిచి వచ్చి తూకంలో తగ్గితే గెలుపు పోతుంది.

క్లబ్బులు అప్రెంటిస్ జాకీలకు శిక్షణ ఇస్తాయి. వైద్య పరీక్ష ఉంటుంది, వయసుకు, బరువుకు హద్దులు ఉంటాయి. అవి క్లబ్బుకూ ఏడాదికీ మారతాయి కాబట్టి దరఖాస్తు సమయంలో క్లబ్బు ఆఫీసులోనే అడగండి. కొత్తవాడికి రేసులో కొన్ని కిలోల మినహాయింపు ఇస్తారు, గెలుపులు పెరిగేకొద్దీ అది కరిగిపోతుంది. చాలామంది పిల్లల భవిష్యత్తు విరిగేది సరిగ్గా ఇక్కడే. మినహాయింపు ఉన్నన్నాళ్ళు ట్రైనర్లు పిలిచి మరీ గుర్రాలెక్కిస్తారు. కుర్రాడు అది తన గొప్పే అనుకుంటాడు. మినహాయింపు పోయిన నెల నుంచి అదే బరువుకు పదిహేనేళ్ళ అనుభవమున్న జాకీ దొరుకుతున్నప్పుడు ఇతన్ని ఎందుకు పిలుస్తారు? కాబట్టి ఆ మొదటి రెండు మూడేళ్ళలోనే వేగాన్ని అంచనా వేయడం, రేసు మొదలయ్యే గేటు నుంచి తిన్నగా దూకించడం, గుంపులో చోటు కోసం ఆగడం నేర్చుకోవాలి. తన రేసుల వీడియో మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి.

అమ్మానాన్నలకు ఒక మాట. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లవాడి బరువు చూసి నిర్ణయించకండి. పాదం ఎంతుంది, మణికట్టు ఎంత లావుంది, తండ్రి ఎత్తెంత, మేనమామల ఎత్తెంత, అవి చూడండి. పద్దెనిమిదికి ఆరడుగులయ్యే పిల్లవాణ్ణి ఆకలితో మాడ్చి నలభై ఎనిమిదికి తేవడం హింస. బరువు తగ్గాలని ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే మాత్రలు మింగడం, ఆవిరి గదిలో గంటలకొద్దీ కూర్చోవడం, తిన్నది వాంతి చేసుకోవడం మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఒంట్లో నీరు తగ్గినవాడికి కళ్ళు తిరిగేది గుర్రం మీద, గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో. అప్పుడు ప్రమాదం ఒక్కడికే కాదు, వెనక వచ్చే పది గుర్రాలకూ.

ఆడపిల్లలు కూడా ఈ సభలో ఉన్నారు, సంతోషం. రూపా కన్వర్ సింగ్ మన దేశంలో జాకీగా గెలిచి చూపించారు. లాయాల్లో ఇంకా మగవాళ్ళే ఎక్కువ, సౌకర్యాలు తక్కువ. చేరే ముందు మూత్రశాల, బట్టలు మార్చుకునే గది, నాలుగింటికి రావడానికి బండి ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. పశువైద్యంలో, స్టడ్ ఫారాల్లో, క్లబ్బు ఆఫీసుల్లో మీకు దారి ఇప్పటికే తెరిచి ఉంది.

నా మనసుకు దగ్గరైన పని ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. లాడాలు కొట్టడం. రేసు గుర్రానికి మూడు నాలుగు వారాలకొకసారి లాడాలు తీసి, గిట్ట చెక్కి, మళ్ళీ వెయ్యాలి. రోజువారీ పనికి ఇనుప లాడం, రేసుకు వంద గ్రాముల చుట్టుపక్కల తూగే అల్యూమినియం ప్లేటు. గిట్ట అడుగున తెల్లటి గీత ఒకటి కనిపిస్తుంది. మేకు ఆ గీతకు బయటి వైపు నుంచే ఎక్కాలి. నూలు పోగంత లోపలికి పోతే ప్రాణమున్న కండకు తగులుతుంది. గుర్రం అప్పటికప్పుడు ఉలిక్కిపడితే అదృష్టమే, మేకు వెంటనే లాగేయొచ్చు. ఒక్కోసారి మూడో రోజు చీము పట్టి, కాలు నేల మీద పెట్టదు, రేసు పోతుంది. చెయ్యి తిరిగిన ఉస్తాదు సుత్తి చప్పుడులోనే మేకు ఎటు పోతోందో వింటాడు. గట్టి గిట్టలోకి దిగుతుంటే చప్పుడు పెరుగుతుంది, మెత్తబడిందంటే ఆగాల్సిందే. ఆకురాయి, పటకారు, గిట్ట కత్తి, సుత్తి, ఇంతే సరంజామా. నేర్చుకోవడానికి ఉస్తాదు దగ్గర మూడు నాలుగేళ్ళు పడుతుంది. నేర్చినవాడికి ఒక్క యజమానితో కట్టుబడి ఉండనక్కర్లేదు. రేసు లాయాలు, రైడింగ్ స్కూళ్ళు, పోలీసు అశ్వదళాలు, పెళ్ళి గుర్రాలు, అందరికీ అతనే కావాలి. మంచి నాల్‌బందుల కొరత ఉంది. పదో తరగతి తప్పానని బాధపడుతున్న పిల్లవాడికి ఇంతకన్నా గౌరవంగా బతికే విద్య నాకు తోచదు.

చదువు వైపు వెళ్ళేవాళ్ళకు పశువైద్యం. ఇంటర్ బైపీసీ తర్వాత ఐదున్నరేళ్ళ బీవీఎస్సీ. తెలంగాణలో రాజేంద్రనగర్ పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం. తెలంగాణ సీట్లకు ఈఏపీసెట్, అఖిల భారత కోటా సీట్లకు నీట్. అంత చదవలేమనుకునేవాళ్ళకు పదో తరగతి తర్వాత రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా ఉంది. ఒకటి గుర్తుంచుకోండి. కాలేజీలో చేతికి వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలు, కోళ్ళు. గుర్రం అరుదు. ఇంటర్న్‌షిప్‌లోనూ సెలవుల్లోనూ రేసు కోర్సు ఆసుపత్రిలోనో స్టడ్ ఫారంలోనో పని అడిగి చేస్తేనే కాలికి ఎక్స్‌రే, టెండన్‌కు అల్ట్రాసౌండు, ముక్కులోంచి ఎండోస్కోపు అలవాటవుతాయి. పరిశోధన ఇష్టమైతే హర్యానాలోని హిసార్‌లో అశ్వాల జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. రేసు డాక్టరుకు ఉండాల్సిన ఇంకో గుణం రాతలో నిజాయతీ. ఏ మందు ఏ తేదీన ఎంత మోతాదులో ఇచ్చాడో రిజిస్టరులో ఉండాలి. రేసయ్యాక గుర్రం మూత్రం, రక్తం పరీక్షకు పోతాయి. పొరపాటున మిగిలిన నొప్పి మందు జాడ దొరికినా ట్రైనరు విచారణకు నిలబడాలి.

స్టడ్ ఫారాలు వేరే ప్రపంచం. పుణె చుట్టుపక్కల, హర్యానా, పంజాబుల్లో పెద్దవి ఉన్నాయి, కర్ణాటకలో కుణిగల్ ఉంది. గుర్రం చూలు పదకొండు నెలలు. ఈనేది ఎక్కువగా రాత్రిపూట. జనవరి నుంచి ఎండాకాలం దాకా రాత్రి కాపలా ఉంటుంది. కొత్తవాళ్ళకు పని దొరికేదీ అప్పుడే. పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా డాక్టరును లేపాలి. మొదటి జున్నుపాలు ఆలస్యమైతే పిల్లకు రోగాన్ని తట్టుకునే శక్తి రాదు. రేసు జాతి గుర్రాలకు కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు. ప్రతి పిల్లకూ డీఎన్ఏ పరీక్ష, మైక్రోచిప్, పుణెలోని స్టడ్ బుక్ అథారిటీలో నమోదు ఉంటాయి. కాగితాల పనిలో చురుకైనవాళ్ళకు అక్కడా చోటుంది.

క్లబ్బు ఉద్యోగాలు త్వరగా చెప్పేస్తాను. రేసు నిబంధనల ప్రకారం జరుగుతోందా చూసే స్టైపెండియరీ స్టివార్డులు, హ్యాండీక్యాపరు, జడ్జి, స్టార్టరు, తూకం చూసే అధికారి, ఫోటో ఫినిష్ కెమెరా, వీడియో, ట్రాక్ గడ్డి చూసే సిబ్బంది, పందేల లెక్క చూసే టోట్ కంప్యూటర్లు, అకౌంట్లు. డిగ్రీ ఉన్నవాళ్ళు కింది స్థాయిలో చేరి పైకి వెళ్ళొచ్చు. ట్రాక్ పనికి వ్యవసాయ డిగ్రీ బాగా పనికొస్తుంది. నేల ఎంత మెత్తగా ఉందన్నది గుర్రం కాళ్ళతో నేరుగా ముడిపడిన సంగతి.

జీతాల గురించి అంకెలు చెప్పను, లాయానికి లాయానికి మారతాయి. డబ్బు ఎటు నుంచి వస్తుందో మాత్రం తెలుసుకోండి. యజమాని ఒక్కో గుర్రానికి నెలకు ఇంత అని ట్రైనరుకు ఇస్తాడు, మీ జీతం అందులోంచి వస్తుంది. గుర్రం గెలిస్తే బహుమతిలో సిబ్బందికి వాటా ఉంటుంది. యజమాని రెండు నెలలు ఎగ్గొడితే ఇబ్బంది మొదట మీ ఇంట్లోనే మొదలవుతుంది. క్లబ్బు ఇచ్చే బహుమతి సొమ్ముకు పెద్ద ఆధారం పందేల రాబడి. పందెం మొత్తం విలువ మీద 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ పడింది. ఆ భారం గడ్డి మోసే మనిషి దాకా దిగుతుందని ప్రభుత్వాలు గమనించాలని గట్టిగా కోరుకుంటున్నాను. మీరు చేరేటప్పుడు అడగాల్సినవి ఇవి. కాగితం మీద నా యజమాని ఎవరు, ట్రైనరా, క్లబ్బా? పీఎఫ్ ఉందా, ఉంటే నా యూఏఎన్ (పీఎఫ్ గుర్తింపు) నంబరు ఇవ్వండి. ఈఎస్ఐ కార్డు వస్తుందా? గుర్రం తన్ని కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, పని లేని నెలల జీతం ఎవరిది? నోటిమాట చాలదు, రాసి ఇమ్మనండి.

విదేశాల సంగతి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళలో గుర్రపు లాయాల్లో పని వెతుక్కునేవాళ్ళకు ఒక హెచ్చరిక. వీసాలో రాసిన పని, మీరు చేయబోయే పని ఒకటేనా చూసుకోండి. ఇంటి పని వీసా మీద తీసుకెళ్ళి లాయంలోనో ఒంటెల దగ్గరో పెడితే, జీతం ఆపినప్పుడు మీరు ఫిర్యాదు చేసే చోటే మారిపోతుంది. పదో తరగతి పాసై ఉండకపోతే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి తీసుకోవాలి. నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా పత్రం చేతికి తీసుకున్నాకే విమానం ఎక్కండి. విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందు అడగండి.

బ్రిటన్, ఐర్లాండ్‌లలో స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లలకు మంచి బడులున్నాయి. న్యూమార్కెట్‌లో బ్రిటిష్ రేసింగ్ స్కూల్, డాన్‌కాస్టర్ దగ్గర నేషనల్ హార్స్‌రేసింగ్ కాలేజ్, ఐర్లాండ్ కిల్డేర్‌లో రేస్ అకాడమీ. డిగ్రీ చేసి స్టడ్ ఫారం నడపాలనుకునేవాళ్ళకు ఐరిష్ నేషనల్ స్టడ్‌లో జనవరిలో మొదలయ్యే కోర్సు ఉంది. ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజు చేతికిచ్చేది చీపురూ లద్ది ఎత్తే పారే. అక్కడా మొదలు లాయమే.

ఇక ప్రశ్నలు.

(ఒక తల్లి: మా బాబుకు పదహారేళ్ళు, యాభై ఆరు కిలోలు. జాకీ అవ్వాలని పట్టుబడుతున్నాడు. ఏం చెయ్యమంటారు?)

అమ్మా, యాభై ఆరంటే లావు కాదు, ఆ వయసుకు మంచి బరువే. కానీ ఇంకా పెరుగుతాడు. జాకీ కలను గట్టిగా కాదనకండి, రైడింగ్ బాయ్‌గా మొదలుపెట్టనివ్వండి. గుర్రం మీద కూర్చోవాలన్న కోరిక తీరుతుంది, ఆకలి చంపుకోనక్కర్లేదు. మూడేళ్ళకు చెయ్యి, కన్ను కుదిరితే జమాదారు, అసిస్టెంట్ ట్రైనరు, తర్వాత ట్రైనరు లైసెన్సుకు ఇంటర్వ్యూ. అందులో దాణా లెక్కలు, కాళ్ళ జబ్బులు, రేసు నిబంధనలు అడుగుతారు. ఇంటర్ మాత్రం మానిపించకండి. పని ఉదయం తొమ్మిది, పదికల్లా ఒక విడత అయిపోతుంది. ఓపెన్ స్కూల్లోనైనా పూర్తి చేయించండి.

(ఒక విద్యార్థి: మాకు లోపల ఎవరూ తెలియదు సార్. గేటు దగ్గరే ఆపేస్తారు.)

ఆపుతారు బాబూ, ఆపాలి కూడా. లోపలివి ఒక్కోటి లక్షల ఖరీదు చేసే గుర్రాలు, వాటికి ఎవరైనా ఏదైనా పెట్టగలరు. క్లబ్బు ఆఫీసుకు పనిదినాల్లో, పది దాటాక వెళ్ళు. ఆధార్, వయసు ధ్రువపత్రం, టీకా కార్డు, రెండు ఫోటోలు, మీ ఊరి పెద్దో మాస్టారో రాసిన గుణగణాల పత్రం పట్టుకెళ్ళు. లైసెన్సు ఉన్న ట్రైనర్ల జాబితా అడుగు. సీజను మొదలవడానికి ఐదారు వారాల ముందు వెళ్తే మనుషులు కావాల్సి ఉంటుంది, సీజను మధ్యలో వెళ్తే ఖాళీ ఉండదు. బూట్లు వేసుకెళ్ళు, చెప్పులతో లాయంలోకి రానివ్వరు. అత్తరు, ఘాటు సెంటు పూసుకోవద్దు, గుర్రాలు బెదురుతాయి. లోపల దక్కనీ ఉర్దూ, హిందీ నడుస్తాయి, నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళు. జీతం సంగతి రెండో రోజు అడుగు. మొదటి రోజు ఏ గుర్రం ఇస్తారో దాని ఎదుట నిలబడి, దాని ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టు. కదలకుండా నిలబడ్డ గుర్రానికి ఎనిమిది నుంచి పదహారు దాకా రావాలి. ఎక్కువొస్తే జమాదారును పిలువు.